పడవకి పడిన అతుకు

మా మేనల్లుడు సెలవులకి వచ్చాడంటే నా నవల ఒక్క పేజీ ముందుకి సాగదు. ఈ వేసవికి గూడూరు వస్తూ వస్తూ వాడు ఒక పడవని వెంటబెట్టుకొచ్చాడు. రెండడుగుల పొడుగు, తెల్లటి ఒళ్ళు, నడుముకి ఎర్రటి చార. గట్టు మీద నిలబడి చేతిలో ఉన్న పెట్టె మీది పుల్ల కదిపితే, నీళ్ళలో పడవ అటూ ఇటూ తిరుగుతుంది. రేడియో తరంగాలతో నడుస్తుందిట.

"అత్తా, నువ్వూ తిప్పు" అని వాడు ఆ పెట్టె నా చేతికిచ్చాడు. అదే వాడు చేసిన పొరపాటు. పడవ మన నుంచి దూరంగా పోతున్నప్పుడు మన కుడి దానికీ కుడే. మన వైపుకి తిరిగి వస్తున్నప్పుడు మాత్రం మన కుడి దానికి ఎడమ. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు వచ్చినా నాకు తట్టలేదు. కుడికనుకుని తిప్పాను. అది తిన్నగా వెళ్ళి చెరువు గట్టున బట్టలుతికే బండకి గుద్దుకుంది. ముక్కు దగ్గర మొదలై అడుగు దాకా జానెడు పొడుగున చీలింది.

వాడు ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. పడవని తువ్వాల్లో చుట్టుకుని మౌనంగా ఇంటికి నడిచాడు. మగపిల్లల మౌనం ఎంత బరువో కొడుకుల్నీ మేనల్లుళ్ళనీ పెంచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి నేనే మరమ్మతుకి పూనుకున్నాను. కుళాయి గొట్టం కారితే పెట్టే ముద్ద ఇంట్లో ఉంది. రెండు రంగులూ కలిపి, చపాతీ పిండిలా పిసికి, పగులు మీద అంటించాను. తెల్లారి నీళ్ళ తొట్టిలో పెడితే, బాగా కాలిన పెనం మీంచి అట్టు లేచినట్టు, అతుకు మొత్తం ఒక్క పెళ్ళగా ఊడొచ్చింది. తడి ఆరలేదు, నునుపు పోలేదు, అది దేన్ని పట్టుకుంటుంది పాపం! ఈ జ్ఞానం తర్వాత కలిగిందనుకోండి.

నిమ్మకాయల మండీకి సరుకు తోలే ఆటో అతను దారి చెప్పాడు. "దుగరాజపట్నం పక్క పాళేలకి పోండమ్మా. ఆడ సముద్రం పడవలకే అతుకులేస్తారు. ఇదెంత?"

కోట, వాకాడు మీదుగా వెళ్ళాం. దుగరాజపట్నం అంటే ఇవాళ మనలో చాలామందికి ఏమీ తట్టదు గానీ, మద్రాసు పుట్టకముందే ఇంగ్లీషువాళ్ళు కోట కట్టుకున్న రేవు అది. 1626 ప్రాంతంలో ఇక్కడ దిగారు. ఆ ఊరిని ఆర్మగాన్ అని పిలుచుకున్నారు. తమకి సాయపడిన ఆర్ముగం మొదలియారు పేరే వాళ్ళ నోట్లో పడి అలా అయిందంటారు. ఇక్కడ కోఠీ నడిపిన ఫ్రాన్సిస్ డే అనే ఆయనే 1639లో దక్షిణంగా వెళ్ళి మద్రాసుకి స్థలం సంపాదించాడు. దాంతో ఈ ఊరి కథ ముగిసి, ఆ ఊరి కథ మొదలైంది. దారి పొడుగునా ఇదంతా చెప్పుకొస్తున్నాను. మా వాడు ఒక చెవితో వింటూ, రెండో చెవి తువ్వాల్లోని పడవ మీద పెట్టాడు.

ఇసుకలో తాటాకుల నీడ. దాని కింద నిజం పడవ ఒకటి బోర్లించి ఉంది. అతనికి యాభై ఏళ్ళుంటాయి. పక్కన నులకమంచం మీద వాళ్ళమ్మ. మా పడవని అందుకుని, పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, గోటితో అంగుళం అంగుళం తట్టాడు. టక్ టక్ మన్న చప్పుడు ఒకచోట డబ్ మంది.

"పగులు మీకు కనపడేది జానెడు. లోపల ఇంకో రెండంగుళాలు పోయుండాది" అన్నాడు.

"ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నా?" అన్నాను.

"సునామీ నేర్పిందమ్మా."

2004 డిసెంబరు 26. ఆ ఆదివారం ఉదయం తీరం పొడుగునా పాళేలు ఏమైపోయాయో మనం పేపర్లలో చదివాం, వాళ్ళు కళ్ళతో చూశారు. తెప్పలు విరిగి కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి ఈ తీరానికీ తమిళ తీరానికీ వందలకొద్దీ ఫైబర్ పడవలు పంచిపెట్టారు. ఫైబర్ అంతకుముందు లేదని కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాతం పథకం, అలల్లోంచి నేరుగా ఒడ్డుకి ఎక్కించగల పడవల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసింది. కానీ నిదానంగా వస్తున్న మార్పు సునామీతో ఒక్క ఊపున వచ్చిపడింది. గిరాకీకి తట్టుకోలేక ఎక్కడపడితే అక్కడ షెడ్లు లేచాయి. హడావిడిగా పోసిన పడవల నాణ్యత గురించి నిపుణులు అప్పుడే గొంతు చించుకున్నారు. వాళ్ళ భయం నిజమైన చోటల్లా ఇతని లాంటివాళ్ళకి పని దొరికింది.

"మా నాయనకి తెప్ప ఉండేది" అన్నాడు, ఉప్పుకాగితం చింపుతూ. "దానికి పగులనేదే లేదు."

ఇది అతిశయోక్తి కాదు. తెప్పంటే తేలిక కలప దుంగలు నాలుగైదు పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించిందే గదా! లోపల బోలు లేదు, కాబట్టి మునగదు. ఒడ్డుకి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఎండలో ఆరబెట్టేవాళ్ళు. ఒక దుంగ చీకితే అదొక్కటే మార్చి మళ్ళీ కట్టుకోవడమే. దీన్నే అరవంలో కట్టుమరం అన్నారు, అదే ఇంగ్లీషులోకి ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే గ్రంథంలో, ఈ తీరంలో దుంగలు కలిపి కట్టిన సంగర అనే పెద్ద పడవలున్నాయని కనిపిస్తుంది.

ఇంకొకటుంది, మసూలా పడవ. పలకలకి మేకుల్లేవు, లోపల అడ్డుకర్రల్లేవు. కొబ్బరి పీచు తాడుతో పలకకీ పలకకీ కుట్టే! అక్షరాలా కుట్టు పనే. మేకులు కొట్టిన గట్టి పడవ అలల దెబ్బకి పగులుతుంది. కుట్టిన పడవ మాత్రం, మనం రద్దీ బస్సులో ఒదిగినట్టు, అలతో పాటు ఒదుగుతుంది. నీళ్ళు ఊరతాయి, నిజమే. తోడిపోయడానికి ఒక మనిషి కూర్చుంటాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసుకి కృత్రిమ రేవు కట్టేదాకా, గవర్నర్లూ దొరసానులూ కూడా దూరాన ఓడ దిగి ఈ కుట్టు పడవల్లోనే ఒడ్డుకి చేరారు. చేరేసరికి పట్టు గౌన్లన్నీ తడిసి ముద్ద!

అతను పగులు చివర సన్నటి బెజ్జం పెట్టాడు. మా వాడు కెవ్వుమన్నాడు.

"ఇది పెట్టకపోతే పగులు ఇంకా పోతా ఉంటది అబ్బయా. చివర గుండ్రంగా ఉంటే ఆడికి ఆగిపోద్ది" అన్నాడు. గాజు కిటికీకీ ఇదే సూత్రం, విమానం రెక్కకీ ఇదే సూత్రం. మొన గల పగులు పాకుతుంది, గుండ్రటి చోట బలం చెదిరిపోతుంది.

తర్వాత పగులు అంచుల్ని లోపలివైపు నుంచి ఏటవాలుగా గీకాడు. అరగంట గీకుడు. తెల్లటి పొడి. ముక్కుకి గుడ్డ కట్టుకోమని మా ఇద్దరికీ చెప్పాడు. ఆ పొడి గాజు పొడే మరి. నేను ఊరుకోలేక వేలితో తాకి చూశాను. సాయంత్రం దాకా చెయ్యి ఒకటే దురద. వేణ్ణీళ్ళతో కడగబోతుంటే ముసలమ్మ కసిరింది. "చన్నీళ్ళు పొయ్యమ్మా. వేణ్ణీళ్ళకి చర్మం విచ్చుకోని ఇంకా లోపలికి పోద్ది."

ఈ గాజు దారంతో చీర నేస్తే ఎట్లా ఉంటుందో అనుకుని నవ్వుకున్నాను. నవ్వుకోవడమెందుకు, నిజంగానే నేశారు! 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో లిబ్బీ గాజు కంపెనీ వాళ్ళు పట్టూ గాజూ కలిపి నేసిన గౌను ఒకటి పెట్టారు. జార్జియా కేవన్ అనే నాటకాల నటి తన కోసం నేయించుకున్నదది. అది చూసి స్పెయిన్ రాకుమారి యూలేలియా కూడా ముచ్చటపడింది. తళతళ మెరిసేదిట గానీ మడత పెడితే దారాలు విరిగేవి. కూర్చోలేని గౌను ఎందుకండీ!

ఆ లిబ్బీ కంపెనీది అమెరికాలో టొలీడో అనే ఊరు. దాదాపు నలభై ఏళ్ళకి, 1932లో, ఆ ప్రాంతపు గాజు ఫ్యాక్టరీల మనిషే డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు ఇటుకల్ని అతకాలని కరిగిన గాజుని చిమ్మబోతే, గాలి పోటుకి అది సన్నటి పీచై ఎగిరింది. చూశారా, అతకబోతేనే పుట్టింది ఈ ఫైబర్! 1942లో రే గ్రీన్ అనే ఆయన ఆ పీచుకి రెజిన్ పట్టించి పడవ పోశాడు. ఆయనదీ టొలీడోయే. ఫైబర్ పడవల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది మొదటి పడవగా దాన్నే చెబుతారు.

గాజు దేంతో చేస్తారు? ఇసుకతో. మంచి గాజుకి కావలసిన తెల్లటి సిలికా ఇసుక ఎక్కడ దొరుకుతుంది? గూడూరు పక్కన చిల్లకూరు, కోట మండలాల్లో. లారీలకి లారీలు గాజు ఫ్యాక్టరీలకి పోతుంటాయి. గుంతలు మాత్రం మనకి మిగులుతాయి. అదో పెద్ద గొడవ, ఇక్కడ వద్దు. మేం ఆ మధ్యాహ్నం కాళ్ళ కింద తొక్కుతున్నదీ, అతను పగుల్లో పెడుతున్నదీ వరసకి అన్నదమ్ములే అని మా వాడికి చెప్తే, పిడికెడు ఇసుక తీసి జేబులో పోసుకున్నాడు.

ఇక అసలు ఘట్టం. తేనె రంగు రెజిన్ ఒక డబ్బాలో పోశాడు. అందులో ఊదారంగు మందు కొద్దిగా వేసి బాగా కలిపాడు. ఆ తర్వాతే నీళ్ళలా ఉండే రెండో మందు చుక్కలు లెక్కపెట్టి వేశాడు.

"రెండు మందులూ ఒకేసారి పోస్తే?" అంది నా వంటింటి బుద్ధి.

"ఆ రెండూ నేరుగా కలిస్తే పేల్తాయమ్మా" అన్నాడు తాపీగా. నేను మంచం దాకా వెనక్కి జరిగాను.

గాజు పీచుతో చేసిన తెల్లటి చాపముక్క, మ్యాట్ అంటారు, లోపలివైపు పరిచి కుంచెతో రెజిన్ అద్దాడు. అద్దుతుంటే తెల్లటిది కాస్తా మంచులా కరిగి గాజులా తేటపడింది. ఎక్కడ తెల్లగా మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టుట. ఆ గాలి బుడగల్ని కుంచె కొసతో పొడిచి పొడిచి తరిమాడు. ఒకటి చిన్నముక్క, దాని మీద కాస్త పెద్దముక్క. అంతే, మూడోది వెయ్యలేదు.

"ఇంకోటెయ్యండి, గట్టిగా ఉంటుంది" అన్నాడు మా వాడు.

"సముద్రం పడవైతే ఏద్దును. నీదానికి బరువెక్కువైతే ముక్కు నీళ్ళలోకి దిగుద్ది."

పూర్వం మన పలకల పడవలకీ ఇంతే. పలకల సందుల్లో నార కుక్కి, పైన గుగ్గిలం నూనెలో కాచి పూసేవాళ్ళు, కీలు పూసేవాళ్ళు. గుగ్గిలం చెట్టు కార్చిన రెజిన్. ఇప్పటిది ఫ్యాక్టరీ కార్చిన గుగ్గిలం. పీచూ జిగురూ కలిస్తే నీళ్ళు ఆగుతాయన్న తెలివి కొత్తది కాదు.

గట్టిపడటానికి ఎండాకాలం గనక ఎంతో సేపు పట్టదన్నాడు. డబ్బాలో మిగిలిన రెజిన్ చేత్తో పట్టుకుంటే కాఫీ గ్లాసులా వెచ్చగా ఉంది. ఆ కాసేపట్లో మా వాడు అడిగాడు, రేడియోతో పడవ నడపడం ముందు ఎవరు కనిపెట్టారని.

నికోలా టెస్లా. 1898లో న్యూయార్కులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ళ తొట్టి పెట్టి, నాలుగడుగుల ఇనుప పడవని తీగ అన్నది లేకుండా నడిపించాడు. ఆ ఏడాది నవంబరులో పేటెంటు వచ్చింది. జనం నమ్మలేదు. మంత్రమన్నారు, మనసుతో నడిపిస్తున్నాడన్నారు, లోపల మచ్చికైన కోతి ఉందని కూడా అన్నారట! అంటే మనిషి దూరాన ఉండి రేడియోతో ఆడించిన మొదటి యంత్రాల్లో ఈ బొమ్మ పడవ ముత్తాత ఒకడన్నమాట. అదే వరసలో ఇవాళ మా గూడూరు మేడల మీంచి చూస్తే కనిపించే శ్రీహరికోట రాకెట్లూ వచ్చాయి. 1980 జులై 18న రోహిణిని మోసుకెళ్ళిన ఎస్.ఎల్.వి-3కి పై దశల తొడుగులు ఉక్కువి కావు, పీచూ రెజినూ కలిపి పోసినవే. రేడియో పెట్టెల్లో విద్యుత్తుని ఆపడానికి వాడే అభ్రకం కూడా ఒకప్పుడు మా గూడూరు, సైదాపురం గనుల నుంచి ఓడలెక్కి పోయేది. ఆ పొరలు విడదీసిన చేతుల్లో ఆడవాళ్ళ చేతులూ ఎన్నో.

"మరి పగిలితే అతకడం ఎవరు కనిపెట్టారత్తా?"

దానికి నా దగ్గర పేరు లేదు. నేను చదివిన చరిత్రలో ఓడల్ని కట్టించినవాళ్ళున్నారు, ఎక్కినవాళ్ళున్నారు, ముంచినవాళ్ళున్నారు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప స్తంభాల ఓడ ఉంది. మోటుపల్లి గుడి స్తంభం మీద 1244 నాటి గణపతిదేవుడి అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు తుపానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారుట. తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన రాయించాడు. ఎంత పెద్ద మనసు! పగిలిన ఓడలోని సరుక్కి అభయం దొరికింది. పగిలిన ఓడని బాగుచేసి పంపినవాడి ఊసు లేదు.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ వచ్చింది. పులికాటులో డచ్చివాళ్ళు అడ్డం కొడితే మచిలీపట్నం పోయింది. ఆ తర్వాత సయాం వైపంతా తిరిగి తిరిగి శిథిలమై, మళ్ళీ మన తీరానికే చేరితే, 1614లో నరసాపురం దగ్గర దాని ఒళ్ళు బాగుచేయించారు. అందులోని వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ దినచర్య రాసుకున్నాడు గనక మనకి తెలిసింది. ఓడ పేరుంది, వర్తకుడి పేరుంది. దాని అడుగు కింద పడుకుని పలకలు బిగించిన గోదావరి వడ్రంగుల పేర్లు నేను చదివిన చోట ఎక్కడా లేవు. కోరంగి రేవుకీ ఇదే పేరు ప్రతిష్ఠ, పెద్ద ఓడల్ని గట్టెక్కించి బాగుచేసే చోటని. అక్కడా ఇదే తంతు. మా అమ్మ చీరలకి రఫ్ఫు చేసేది. ఎక్కడ చేసిందో ఆవిడ చెబితే తప్ప తెలిసేది కాదు. కనపడకపోవడమే పనితనమైనప్పుడు శాసనాల్లో కనపడమంటే ఎలా?

ఈ మాట అంటే ముసలమ్మకి ఎంత అర్థమైందో గానీ మంచం మీంచి లేచి కూర్చుంది.

"తెప్ప దుంగ పుచ్చిపోతే మా అత్త నా పొయ్యికాడికి తెచ్చేసేది. ఆ పూట చేపల పులుసు దాంతోనే. ఉప్పుకి నీలంగా మండేది మంట. మళ్ళీ కొత్త దుంగ కట్టేదాకా నా మొగుడు ఇంట్లో ఉండేవాడు" అని నవ్వింది. తర్వాత చెయ్యెత్తి సరుగుడు తోపు వైపు చూపించింది. ఇసుకలో సగం కూరుకుపోయి నాలుగైదు ఫైబర్ పడవలు, రంగు వెలిసి, అడుగులు పోయి, పడున్నాయి. "అయ్యి చూడు. కాల్చేదానికి లేదు, పుచ్చేదానికి లేదు, కొనేవోడు లేడు. చచ్చినా పోనియ్యవు."

కొడుకు తలెత్తలేదు. "అందుకే గదమ్మా, చావకుండా అతుకులేసేది" అన్నాడు, మా పడవ మీద నీటి కాగితం రుద్దుతూ.

అతుకు బయటి వైపు తెల్ల పూత పూసి నున్నగా తీశాడు. ఎర్ర చార మాత్రం ఒకచోట తెగింది. ఆ ఎరుపు తన దగ్గర లేదన్నాడు. డబ్బు అడిగితే, బొమ్మకి డబ్బులేంది, రెజిన్ ఖరీదు ఇవ్వండి చాలన్నాడు. ముసలమ్మ చేతిలో పెట్టి వచ్చాం. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడే నీళ్ళలో దించమన్నాడు.

మర్నాడు పొద్దున్నే, చెరువు దాకా పోకుండా, ముందు పెరట్లో తొట్టిలో పెట్టి చూశాం. చుక్క నీరు దిగలేదు. కాకపోతే అతుకు పడిన వైపుకి పడవ పిసరంత ఒరిగింది. వాడు కాసేపు ఆలోచించి, జేబులోంచి నిన్నటి ఇసుక తీసి, చిన్న కాగితంలో పొట్లం కట్టి, రెండో వైపు లోపల పెట్టాడు. పడవ తిన్నగా నిలబడింది.

పెట్టె మాత్రం నా చేతికివ్వలేదు.